ప్రభ కట్టినోళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన కట్టు



శివరాత్రి దగ్గరకొచ్చింది. కళ్లాల్లో మిరపకాయ ఎండతా ఉంది. ఇంకో పదిహేను రోజుల్లో టిక్కీలు తొక్కి బండ్లకెక్కించే పని మొదలవుద్ది. ఈ టైములో ఎవరిని కదిలించినా రేటు గురించే మాట్లాడతారు. నేను మాత్రం ఈసారి తాడు గురించి రాస్తన్నా. తాడుకి కూడా చరిత్ర ఉంటదా అని నవ్వబాకండి. చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

మొన్న మా బజారు కుర్రాడొకడు పాత పికప్ బండి కొన్నాడు. కాయ సీజన్లో గుంటూరు యార్డుకు కిరాయి తోలుకుందామని. నా దగ్గరకొచ్చి, "బాబాయ్, తాడుతో కడదామా, బెల్టులు కొందామా? ఏది గట్టిది?" అనడిగాడు. "ఏదైనా ఒకటేలే అబ్బాయ్, కట్టేవాడి చేతిలో ఉంటది" అని ఒక్క మాటలో తేల్చేశా. ఇంటికొచ్చినాక మనసొప్పలేదు.

ఎందుకంటే పదకొండేళ్ల కింద నేనూ అట్లాగే అనుకున్నా. ట్రాక్టర్ ట్రక్కుకు పత్తి బోరేలు ఎత్తు మీద ఎత్తు వేసి, నా చేత్తో నేనే తాడు బిగించి, పైన మా బామ్మర్దిని కూర్చోబెట్టి పంపించా. కాలవ కట్ట మలుపులో తాడు తెగింది. బోరేలతో పాటు వాడూ కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ చేలో గట్టు దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. ఇంకొకరిని అనేదానికి లేదు. తాడు కొన్నదీ నేనే, కట్టిందీ నేనే, పైకెక్కమన్నదీ నేనే.

ఆ తర్వాత నుంచి ఎక్కడ లోడు బండి కనిపించినా కట్టు ఎట్లా కట్టారా అని చూడటం నాకు అలవాటైంది. పెద్దోళ్లను అడిగా, లారీ వాళ్లను అడిగా, దొరికింది చదివా. తెలిసిందేందంటే, ఈ విద్య మన పల్నాడు వాళ్లకు కొత్తది కాదు. మనం మర్చిపోయాం, అంతే.

మొదట్నుంచీ చెప్తా.

రోడ్లు సరిగా లేని రోజుల్లో మన వైపు సరుకు బండి మీద కంటే ఎద్దు వీపు మీదే ఎక్కువ నడిచింది. సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు పైకి, పైనుంచి ధాన్యం కిందికి, లంబాడీలు, పెరిక వాళ్లు వందల ఎద్దుల మందలతో తోలుకుపోయేవాళ్లు. పెరిక అంటేనే ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే గోనె. అందులో ఉన్న తెలివి చూడండి. రెండు గోనెలూ సమాన బరువు ఉండాలి. ఒక పక్క రెండు శేర్లు ఎక్కువైతే పది మైళ్లు పోయేసరికి ఎద్దు వీపు పుండు పడుద్ది, గోనె జారుద్ది. అందుకే వాళ్లు ముందు తూకం సరిచూసి తర్వాత తాడు బిగించేవాళ్లు. తాడు గట్టిదైనంత మాత్రాన వంకర బరువు సరికాదు. ఇది మొదటి పాఠం. 19వ శతాబ్దం చివర గుంతకల్లు నుంచి వినుకొండ మీదుగా గుంటూరు వైపు రైలు పడినాక ఆ పెరికెద్దుల మందలు మెల్లగా కనపడకుండా పోయినాయి. రైలు స్టేషన్ దాకా సరుకు చేర్చే పని బండికి వచ్చింది.

బండి కట్టు మనలో యాభై దాటినోళ్లందరం చూసిందే. నొగలు, ఇరుసు, పక్కన గుంజలు. మా నాన్న గడ్డి బండి కడితే చూడాల్సిందే. వాములాగా పేర్చి, పైన నిలువునా పొడుగాటి వాసం వేసి, ముందు నొగలకు, వెనక బండి కర్రకు మోకుతో లాగి బిగించేవాడు. తాడు నేరుగా గడ్డి మీద వేస్తే అది గడ్డిలోకి కోసుకుపోయి వదులవుద్ది. వాసం వేస్తే నొక్కుడు అంతటా సమానంగా పడుద్ది. ఇంకోటి, తాడు ఎప్పుడూ గుంజకు కట్టేవాడు కాదు. "గుంజ బండికి పెట్టింది, ఊడొచ్చుద్ది. ఇరుసు మోసే కర్రకు కట్టరా" అనేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

ఇక గూడు బండి. కోటప్పకొండ తిరునాళ్లకు పోవాలంటే వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, గూడు కట్టేవాళ్లు. లోపల గడ్డి పరిచి పైన దుప్పటి. పిల్లలం అందులోనే పడుకునేవాళ్లం. వంట సామాను కింద ఇరుసుకు వేలాడేది. కొండ కింద బండి ఆపితే అదే ఇల్లు. అమెరికాలో ఇప్పుడు పికప్ బండి వెనక చిన్న ఇల్లు పెట్టుకుని ఊళ్లు తిరుగుతారంట. అందులో మంచం, పొయ్యి అన్నీ ఉంటాయంట. నాకైతే మన గూడు బండే గుర్తొచ్చింది. మన దగ్గరా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. కర్నూలు వైపు ఆదోని, కోసిగి నుంచి మిరపకాయ కోతకు వచ్చే కుటుంబాలను చూడండి. బియ్యం, బిందెలు, పిల్లలు, కోళ్లు, పట్టాలు, అన్నీ ఒకే బండి మీద వేసుకుని దిగుతారు. ఇల్లునే బండికెత్తి తెచ్చుకోవటం అది.

ఇప్పుడు అసలు కథకు వస్తా, ప్రభకు.

కోటప్పకొండ గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. మూడు శిఖరాల త్రికూటేశ్వరుడు, గొల్లభామ ఆనందవల్లి కథ, కాకి వాలని కొండ, ఇవన్నీ మన ఇళ్లల్లో చెప్పుకునేవే. కోటిన్నొక్క ప్రభలు కట్టుకొస్తే కొండ దిగి వస్తానని స్వామి మాటిచ్చాడంటారు. అందుకే ఊరూరా ప్రభ కడతారు. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే విద్యుత్ ప్రభలు ఎనభై తొంభై అడుగులు ఉంటాయి. చిలకలూరిపేట పురుషోత్తమపట్నం వాళ్ల ప్రభలు మీలో చాలామంది చూసుంటారు. అవి వచ్చే దారిలో కరెంటు తీగలు కూడా విప్పుతారు.

ఒక్కసారి రైతు కళ్లతో చూడండి దాన్ని. కింద బండి వెడల్పు ఆరేడు అడుగులు. పైన మేడకు మించిన ఎత్తు. గాలి కొడితే తెరచాప మాదిరి పట్టుద్ది. దారేమో చేల మధ్య గుంటలు, కాలవ మీద వంతెనలు. అయినా అది కొండ కిందకు చేరుద్ది. ఎట్లా?

చిన్నప్పుడు మా ఊళ్లో చిన్న ప్రభ కట్టేవాళ్లు. ఇరవై, పాతిక అడుగులు ఉండేది. కట్టే పెద్దాయన పక్కన కూర్చుని చూసేవాణ్ణి. అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతంది. ప్రభకు రెండు రకాల కట్లు ఉంటాయి.

ఒకటి ప్రభను బండికి కట్టే కట్టు. అడుగున నాలుగు మూలలా బిగించి కడతారు. ముందు మూల తాడు ముందుకూ కిందికీ లాగాలి, వెనక మూలది వెనక్కీ కిందికీ లాగాలి. అప్పుడు అది ముందుకు జరగాలన్నా వెనక తాడు పట్టుకుంటది, వెనక్కి జరగాలన్నా ముందు తాడు పట్టుకుంటది. నాలుగూ నిటారుగా కిందికే కడితే పైకి లేవదు గానీ అటూ ఇటూ ఊగుద్ది.

రెండోది బండి బయట మనుషులు పట్టుకునే మోకులు. ప్రభ పైభాగం నుంచి నాలుగు వైపులా దించుతారు. ఒక్కో మోకుకు పది మంది, ఇరవై మంది. బండి ఎడమకు ఒరిగితే కుడి మోకు వాళ్లు లాగుతారు, ఎడమ వాళ్లు వదులుతారు. కేక వేసేవాడు ఒకడే ఉంటాడు.

ఈ రెండిటికీ తేడా ఏంది? మొదటి కట్టు ప్రభ బండి మీద నుంచి జారకుండా ఆపుద్ది. బండి బోల్తా పడకుండా మాత్రం ఆపలేదు. ఎందుకంటే ఆ తాళ్లు బండికే కట్టి ఉన్నాయి. బండి ఒరిగితే దాంతో పాటు అవీ ఒరుగుతాయి. బోల్తా పడకుండా ఆపేది నేల మీద నిలబడి మోకు పట్టుకున్న మనుషులు. కోటప్పకొండలో భక్తులు "చేదుకో కోటయ్యా" అంటారు గదా. చేదటం అంటే బావిలో నుంచి తాడుతో పైకి లాగటమే. బావి బయట నిలబడినోడే చేదగలడు, లోపలున్నోడు కాదు. ప్రభ మోకు కూడా అంతే.

కోనసీమ వాళ్లు ఇంకో దారి పట్టారు. సంక్రాంతి అయినాక కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల ప్రభలను భుజాల మీద మోసుకొస్తారు. చేలల్లో నడుస్తారు, కౌశిక నీళ్లలో దిగి దాటుతారు. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా నడిపింది ఆ ప్రభల తీర్థాన్నే. అక్కడ బండే లేదు. గుంట వస్తే ఒక భుజం వంగుద్ది, ఇంకో భుజం లేస్తది. మనిషే బండీ, మనిషే తాడూ.

అయితే మన పికప్ వెనక, ట్రాక్టర్ ట్రక్కు వెనక మోకు పట్టుకుని ఎవడన్నా పరిగెత్తుతాడా? లేడు. కాబట్టి ఆ రెండో కట్టు మనకు లేనే లేదు. ఉన్నది మొదటి కట్టు ఒక్కటే. నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. తాడైనా, బెల్టైనా, ఇనప గొలుసైనా సరుకు జారకుండా ఆపుద్ది అంతే. బండి బోల్తా పడకుండా ఆపేది ఒక్కటే ఉంది, ఎత్తు తగ్గించుకోవటం.

దీనికి లెక్క ఉంది. మేస్త్రీ గోడకు వేలాడదీసే గుండు తెలుసు గదా. లోడు నడిమధ్య నుంచి ఆ గుండు వదిలారనుకోండి. బండి ఎంత ఒరిగినా గుండు రెండు చక్రాల మధ్యే పడుతున్నంత సేపు ఫర్వాలేదు. చక్రం దాటి బయట పడిందంటే బండి బోల్తానే. చక్రానికీ చక్రానికీ మధ్య 5 అడుగులు ఉంటే సగం రెండున్నర అడుగులు. బరువు నడిమి నేల నుంచి 5 అడుగుల ఎత్తులో ఉంటే, బరువులో సగం మేరకు పక్క తోపుడు చాలు, బండి పడటానికి. అదే నడిమి మూడున్నర అడుగుల లోపు ఉంటే బరువులో పదింట ఏడు వంతుల పైనే తోపుడు కావాలి. లోడు ఎత్తు తగ్గిస్తే వచ్చే తేడా ఇంతుంటది.

మరి మన తాతల బండి పడలేదా? పడింది. కానీ ఎద్దుల బండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేది. పికప్ అరవైలో పోతది. వేగం పదిహేను రెట్లు. ఢీకొంటే దెబ్బ మాత్రం పదిహేను రెట్లు కాదు, పదిహేను పదిహేన్లు, 225 రెట్లు. పాత కట్టు కొత్త వేగానికి చాలదు.

లోడు ఎప్పుడు పెరిగిందో కూడా చూద్దాం. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ మన వైపు వచ్చింది. అప్పటిదాకా జొన్న, సజ్జ, కంది, వర్షం పడితే ఉన్నంత పంట. నీళ్లొచ్చినాక వరి, పత్తి, మిరప వచ్చినాయి. సజ్జ బస్తా చిన్నది, బరువైంది. పత్తి బోరెం బరువు తక్కువ, కొండంత ఉంటది. బరువు లేదు గదా అని ఎత్తు పెంచుకుంటా పోయాం. ఇనప కమ్మి చక్రాల బండి పోయి టైరు బండి వచ్చింది, తర్వాత ట్రాక్టర్ ట్రక్కు, తర్వాత ఇప్పటి పికప్పులు. నలభై కిలోల పైచిలుకు మిరప టిక్కీలు ముప్పై, నలభై వేసుకుని గుంటూరు పోతున్నాం. బండి మారింది, రోడ్డు మారింది, సరుకు మారింది. కట్టు మాత్రం నాన్న కట్టిందే. అది కూడా సగం మర్చిపోయి.

తాడు కూడా మారింది, అది మనం గమనించలేదు. మన పెద్దోళ్లు గోగు నార, జనుము నార పేని మోకు చేసేవాళ్లు. కొబ్బరి పీచు తాళ్లు ఉండేవి. ఆ నార తాడు గుణం ఏందంటే, వాన పడితే ఉబ్బి పొట్టిదవుద్ది. అంటే తడిస్తే ఇంకా బిగుసుకుంటది, ఎండితే వదులవుద్ది. అందుకే పెద్దోళ్లు పొద్దెక్కినాక ఓసారి ఆపి కట్టు బిగించేవాళ్లు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో కారొథర్స్ అనే ఆయన నైలాన్ కనిపెట్టాడు. అది నారకంటే చాలా గట్టిది. కానీ సాగుద్ది. తడిస్తే బలం కొంత తగ్గుద్ది, వదులవుద్ది. నారకు పూర్తిగా తిరగబడిన గుణం. 1950ల్లో పాలీప్రొపిలీన్ వచ్చింది. మనం కొట్లో ప్లాస్టిక్ తాడు అని కొనే రంగు రంగుల తాడు ఎక్కువగా అదే. చవక, తేలిక, నీళ్లలో కుళ్లదు. కానీ ఎండకు చస్తది. చేలో, ట్రక్కు మీద ఒక ఎండాకాలం పడున్న తాడు చూడటానికి బానే ఉంటది. చేత్తో మెలిపెడితే పొడి రాలుద్ది. నా తాడు తెగింది అందుకే. రెండేళ్లు బోరు దగ్గర ఎండలో పడున్న తాడు అది. నేను లావు చూశా గానీ ప్రాణం చూడలా.

ఇంకోటి, ముడి. తాడు మధ్యలో ముడి వేస్తే అక్కడ దాని బలం దాదాపు సగానికి పడిపోవచ్చు. తెగిన తాడును ముడేసి మళ్లీ వాడుతున్నామంటే సగం తాడు వాడుతున్నట్టే.

ఇప్పుడు మిగతా దేశాల వాళ్లు ఏం లెక్క పెట్టారో చెప్తా. అమెరికాలో 2002లో ఖరారు చేసి 2004 జనవరి 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం, లారీ లోడు కట్టు ముందుకు సరుకు బరువులో 0.8 వంతు తోపుడు, వెనక్కి 0.5 వంతు, పక్కలకు 0.5 వంతు తట్టుకోవాలి. యూరప్ వాళ్ల లెక్క కూడా ముందుకు 0.8, వెనక్కీ పక్కలకూ 0.5. ముందుకే ఎందుకు ఎక్కువ? బ్రేకు కొట్టినప్పుడు వచ్చే తోపుడు అన్నిటికంటే పెద్దది గనక. కట్లన్నిటి పని బలం కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలని కూడా అమెరికా నిబంధన. టన్నున్నర మిరపకాయ వేస్తే కట్ల బలం మొత్తం కనీసం 750 కిలోలు ఉండాలన్నమాట. పని బలం అంటే తెగే బలం కాదు. అక్కడ మామూలుగా తెగే బలంలో మూడో వంతునే పని బలం కింద లెక్కేస్తారు. మన పెద్దోళ్లు ఒక మోకు చాలిన చోట రెండు వేసింది ఈ లెక్క తెలియక కాదు, ఈ లెక్క ఒంటికి పట్టి.

ఇందాక చెప్పిన అమెరికా పికప్ ఇళ్ల దగ్గరకు మళ్లీ వస్తా. ఆ ఇంటిని బండికి కట్టేది నాలుగు మూలలా. ముందు రెండు కట్లు ముందుకూ కిందికీ లాగుతాయి, వెనకవి వెనక్కీ కిందికీ లాగుతాయి. అచ్చం ప్రభ అడుగు కట్టే. మంచి కట్టు ఏదంటే బండి తొట్టి రేకుకు తగిలించింది కాదు, కింద చాసిస్‌కు తగిలించిందని అక్కడి తెలిసినోళ్లు చెప్తారు. రేకు చిరుగుద్ది, చాసిస్ చిరగదు. మా నాన్న "గుంజకు కాదురా, ఇరుసు మోసే కర్రకు కట్టు" అన్నది ఇదే గదా! కొందరు మధ్యలో స్ప్రింగు పెట్టిన కొక్కేలు వాడతారు. గుంటలో బండి ఎగిరినప్పుడు కట్టు ఒక్కసారిగా గుంజుకుని తెగకుండా. కోనసీమ వాళ్ల భుజం చేసే పని అది.

ఇక కుర్రాడు అడిగిన ప్రశ్నకు జవాబు. తాడా, బెల్టా?

టిక్కీలకు, బస్తాలకు నా ఓటు రాచెట్ బెల్టుకే. పాలిస్టర్ బెల్టు నైలాన్ అంత సాగదు. రాచెట్ పళ్లతో ఎంత బిగించామో అంతే నిలబడుద్ది, చెయ్యి బలం మీద ఆధారపడదు, ముడి అవసరం లేదు. కొనేటప్పుడు మీద కుట్టిన చీటీ చూడండి. యూరప్ ప్రమాణం ప్రకారం నీలం చీటీ అయితే పాలిస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్, గోధుమ రంగు అయితే పాలీప్రొపిలీన్. నీలం చీటీది తీసుకోండి. చీటీ మీద ఎల్‌సీ అని ఒక అంకె ఉంటది. దాని పక్కన డెకాన్యూటన్ అని గుర్తుంటది. ఒక డెకాన్యూటన్ అంటే సుమారుగా ఒక కిలో బరువు లాగినట్టు. 500 ఉంటే అర టన్ను. చీటీయే లేని బెల్టు ఎంత చవకైనా కొనబాకండి, దాని బలం అమ్మినోడికి కూడా తెలియదు. అంచు కోసుకుపోయినా, కుట్టు ఊడినా అది పడేయాల్సిందే.

తాడుతోనే కట్టేవాళ్లు తక్కువోళ్లేం కాదు. లారీ క్లీనర్లు తాడు మధ్యలో మెలిక వేసి, కొక్కెం కింద నుంచి తీసి, మళ్లీ ఆ మెలికలో నుంచి లాగి బిగిస్తారు. అది గిలక మాదిరి పని చేస్తది, లాగినదానికంటే ఎక్కువ బిగువు వస్తది. ఆ ముడి నేర్చుకోండి. తాడు మాత్రం ఏటా మార్చండి. వాడనప్పుడు నీడలో పెట్టండి.

ఏదైనా సరే, ఈ అయిదు సంగతులు మర్చిపోబాకండి.

ఒకటి, సరుకును ముందు గోడకు ఖాళీ లేకుండా ఆనించి పేర్చండి. బ్రేకు తోపుడు గోడ మోస్తది. మధ్యలో జానెడు ఖాళీ ఉన్నా ఆ జానెడులోనే సరుకు వేగం పుంజుకుంటది.

రెండు, బరువైనవి కింద, తేలికవి పైన. కుడి ఎడమలు సమానం. పెరికెద్దు పాఠం.

మూడు, తాడు వాలు చూసుకోండి. సరుకు మీద నుంచి దాదాపు నిటారుగా దిగితే బిగువంతా నొక్కుడు అవుద్ది. ముప్పై డిగ్రీల వాలులో పడుకుని ఉంటే సగమే నొక్కుద్ది. ఎత్తు తక్కువ లోడు మీద అడ్డంగా పడుకున్న తాడు ఎంత బిగించినా లాభం తక్కువ. అక్కడ మూలల కట్టు వేయండి.

నాలుగు, కొక్కెం రేకుకు కాదు, చాసిస్‌కు గానీ దానికి వెల్డింగ్ చేసిన గట్టి కడ్డీకి గానీ.

అయిదు, బయల్దేరినాక అయిదారు కిలోమీటర్లకు ఆపి మళ్లీ బిగించండి. కుదుపులకు సరుకు సర్దుకుంటది, కట్టు వదులవుద్ది. నాన్న పొద్దెక్కినాక ఆపి బిగించేవాడు అన్నాను గదా. బెల్టుకైనా అదే.

చివరి మాట, అన్నిటికంటే పెద్దది. సరుకు మీద మనిషిని ఎక్కించబాకండి.

2024 సెప్టెంబరు 10 రాత్రి తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాల మినీ లారీ బోల్తా పడి ఏడుగురు కూలీలు బస్తాల కింద చనిపోయారు. 2025 జులై 13 రాత్రి అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలం రెడ్డిపల్లి చెరువు కట్ట మీద మామిడికాయల లారీ తిరగబడి తొమ్మిది మంది పోయారు. కాయ కోసి, లోడు ఎత్తి, ఆ లోడు మీదే కూర్చుని పోతున్న కూలోళ్లు వాళ్లు. మన చేలో కోతకు వచ్చేవాళ్లకూ వాళ్లకూ తేడా ఏముంది? తాడు ఎంత మంచిదైనా మనిషిని కట్టదు గదా. ఇంకా చెప్పాలంటే కట్టిన సరుకే బోల్తా పడితే మనిషి మీద పడుద్ది.

చట్టం సంగతీ చెప్తా. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఎక్కువ బరువుకు 20,000, ఆపైన టన్నుకు 2,000 చొప్పున జరిమానా. లోడు తొట్టి దాటి పక్కలకు వచ్చినా, ఎత్తు మించినా 20,000. ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. 1994లో చట్టం మార్చి సరుకు యజమానిని గానీ, అతని తరఫు మనిషిని గానీ బీమా కిందకు తెచ్చారు. కానీ సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి పరిహారం కట్టాల్సిన బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పైన కూర్చున్న కూలీకి ఏదన్నా జరిగితే ఆ భారం బండి యజమాని నెత్తిన పడుద్ది. యజమాని దగ్గర లేకపోతే పోయినోళ్ల పిల్లలకు దిక్కు లేదు. నాలుగొందల ఆటో కిరాయి మిగిలిందని అనుకునే ముందు ఇది ఆలోచించండి.

ఇంకో మాట కూడా. మీ ఊళ్లో కుర్రాళ్లు ఈ శివరాత్రికి ట్రాక్టర్ ట్రక్కు మీద ప్రభ కడుతుంటే, కట్టటం తెలిసిన పెద్దాయనను ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. ఎత్తు పోటీలో పక్క ఊరిని ఓడించటం కాదు, మోకు పట్టే మనుషులు ఎంతమంది ఉన్నారో చూసుకుని అంత ఎత్తే కట్టమనండి. కేక ఒక్కడే వేయాలి. కరెంటు తీగల సంగతి ముందే చూసుకోవాలి. ఈ విద్య పుస్తకాల్లో లేదు. ఆ పెద్దోళ్లు పోతే పోయినట్టే.

నిన్న సాయంత్రం ఆ కుర్రాణ్ణి పిలిచి ఇదంతా చెప్పా. వాడి బండి తొట్టి కింద చాసిస్‌కు నాలుగు కడ్డీలు వెల్డింగ్ పెట్టించమన్నా. పెట్టించాడు. ఇయ్యాల పొద్దున మొదటి లోడు వేశాం. అయిదు వరసలు వేద్దామన్నాడు, నాలుగు చాలన్నా. మా బామ్మర్ది కుంటుకుంటా వచ్చి ఒక్కో బెల్టునూ చేత్తో తట్టి చూశాడు. ఒకటి మళ్లీ బిగించమన్నాడు. బిగించినాక మిగతా ఇద్దరు కూలోళ్లకు ఆటో మాట్లాడి, అది కదిలినాకే బండి కదలనిచ్చాడు.

అందరూ క్షేమంగా యార్డుకు పోయి, మంచి రేటుకు అమ్ముకుని, క్షేమంగా ఇంటికి రావాలని కోటయ్యను కోరుకుంటా.

మీ వినుకొండ రైతు